ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్క రాత్రి: ర్యామ్ టెస్టర్లలో ఏది నమ్మొచ్చు?

"అన్నా, బ్లూ స్క్రీన్ వస్తా ఉండాది" అని సీపీయూ మోసుకెళ్తే, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కౌంటరు అవతల నుంచి వచ్చే జవాబులు రెండే. ఒకటి, "ఫార్మాట్ కొట్టాలి". రెండోది, "ర్యామ్ పోయుంటది, మార్చేద్దాం". రెండింట్లో ఏదైనా నిజం కావచ్చు. తేల్చుకోకుండా చెప్పడంతోనే వస్తుంది చిక్కు. ర్యామ్ చెడిపోయిన మెషిన్లో విండోస్ మళ్ళీ వేస్తే, పెన్‌డ్రైవ్ నుంచి డిస్కులోకి వెళ్ళే ప్రతి ఫైలూ ఆ చెడ్డ ర్యామ్ మీదుగానే పోతుంది. ఇన్‌స్టాలేషన్ సగంలో 8007025డి లాంటి ఎర్రర్ ఇచ్చి ఆగిందంటే ఇంకా అదృష్టమే. ఆగకుండా పూర్తయితే మాత్రం కొత్త విండోస్ పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది, నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలెడుతుంది. అటు మంచి ర్యామ్‌ని పక్కనపెట్టి కొత్తది కొందామా అంటే, 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎలా ఎగబాకాయో కొన్నవాళ్ళందరికీ తెలుసు.

తగువు తీర్చే టెస్టర్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. విండోస్‌తోపాటే వచ్చే మెమరీ డయాగ్నస్టిక్, పాస్‌మార్క్ వాళ్ళ మెమ్‌టెస్ట్86, ఓపెన్ సోర్స్ మెమ్‌టెస్ట్86 ప్లస్. చివరి రెండింటి పేర్లు దగ్గరగా ఉండబట్టి ఒకటే అనుకుంటారు, కాదు. రెండింటికీ మూలం 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ప్రోగ్రామే. 2004లో ప్లస్ వేరుపడింది, 2013లో అసలుది పాస్‌మార్క్ చేతికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎవరి దారి వాళ్ళదే.

అయితే టెస్టు పెట్టేముందు పది నిమిషాలు పాత క్రాష్‌ల చరిత్ర చూడాలి. చాలామంది ఇది దాటేస్తారు. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. అందులో రోజువారీగా ఏది, ఎప్పుడు పడిపోయిందో ఎర్ర గుర్తులతో ఉంటుంది. గమనించాల్సింది ఒకే విషయం: క్రాష్ ప్రతిసారీ ఒకే చోట వస్తోందా, రోజుకో చోట వస్తోందా?

సాఫ్ట్‌వేర్ తప్పుకి మామూలుగా అడ్రస్ మారదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయినప్పుడు తెర మీద వచ్చిన కోడ్ 50, అంటే "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా". ఈ కోడ్ ఎక్కడ కనబడినా ర్యామ్ అనేయడం రివాజు. ఆ రోజు మాత్రం ఎక్కడ చూసినా ఒకే డ్రైవర్ (విండోస్ లోతుల్లో నడిచే సహాయక ప్రోగ్రామ్) ఫైలు పేరు, ప్రతిసారీ విండోస్ లేస్తుండగానే. అన్ని లక్షల మెషిన్లలో ర్యామ్ ఒకే ఉదయం చెడిపోదు కదా.

చెడ్డ ర్యామ్ ఇలా ఒక పద్ధతిలో ఉండదు. సోమవారం బ్రౌజర్ ట్యాబ్ దానంతటది మూసుకుపోతుంది. మంగళవారం పెళ్ళి ఆల్బమ్ డిజైన్ చేస్తుండగా ఫొటోషాప్ మాయమవుతుంది. ఆ రాత్రి కోడ్ 1ఏ, అంటే "మెమరీ మేనేజ్‌మెంట్". తర్వాత 4ఈ, ఇంకోసారి 139, మరోసారి 3బి. మధ్యలో నిన్నటిదాకా తెరుచుకున్న జిప్ ఫైలు ఇవాళ సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైలు చెడింది అంటుంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. ఇలా కోడ్లూ, ప్రోగ్రాములూ మారిపోతుంటే అనుమానం ర్యామ్ మీదికి మళ్ళాలి. ఏ ఒక్క కోడూ ర్యామ్ చెడిపోయిందనడానికి రుజువు కాదు, 1ఏ కూడా. డ్రైవర్లు కూడా మెమరీని చెడగొట్టి అదే కోడ్ తెప్పించగలవు. ఇక 116 వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు, 9ఎఫ్ వస్తే నిద్రలోకి వెళ్ళొచ్చేటప్పుడు తట్టుకోలేని డ్రైవర్, 124 వస్తే ముందుగా ప్రాసెసర్, వోల్టేజీ వైపు చూడాలి.

ఇంకొంచెం లోతుకి వెళ్ళగలిగినవాళ్ళు సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలున్న మినీడంప్ ఫైళ్ళు (క్రాష్ అయిన క్షణాన విండోస్ దాచిన చిన్న రికార్డులు) తెరవాలి. నిర్‌సాఫ్ట్ వాళ్ళ బ్లూస్క్రీన్‌వ్యూ తేలిక, కానీ అది దాదాపు ప్రతి క్రాష్‌కీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ ఫైలునే చూపిస్తుంది. ఇంట్లో ఏం పగిలినా ఇంటాయనదే తప్పన్నట్టు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరికే విన్‌డీబీజీ నయం. డంప్ తెరవగానే ఎనలైజ్ కమాండ్‌కి లింకు అదే చూపిస్తుంది, నొక్కితే చాలు. చివర్లో "మెమరీ కరప్షన్ వన్ బిట్" అని వచ్చిందంటే, ఒకే ఒక్క బిట్ (0 లేదా 1) తిరగబడి ఉందన్నమాట. డ్రైవర్ తప్పుగా రాస్తే మామూలుగా బైట్లకు బైట్లు పాడవుతాయి. ఒక్క బిట్ మారడం హార్డ్‌వేర్ ముద్ర. రెండు మూడు డంపుల్లో ఇదే కనిపిస్తే ఆ రాత్రే టెస్టు పెట్టేయండి.

డంపే లేకపోతే? ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉండి, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే, విండోస్‌కి ఏడవడానికి కూడా టైమ్ దొరకలేదని అర్థం. కరెంటు పోయుండాలి, లేదా ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై) చేతులెత్తేసి ఉండాలి. మన వైపు దీనికి పెద్ద కారణం ఇన్వర్టర్. డెస్క్‌టాప్‌లకు వాడే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నెట్టుకొచ్చేది దాదాపు 16 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ వెనకాల ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో కాకుండా మామూలు మోడ్‌లో ఉంటే, మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఫ్యాన్లూ లైట్లూ రెప్ప కొట్టి మళ్ళీ వెలుగుతాయి, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు ర్యామ్‌ని ఎన్ని రాత్రులు టెస్ట్ చేసినా తేలేది ఏమీ ఉండదు.

సరే, చరిత్ర చూశాక కూడా ర్యామ్ మీదే అనుమానం నిలిచిందనుకుందాం.

విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ మంచితనమల్లా పెన్‌డ్రైవ్ అక్కర్లేకపోవడమే. స్టార్ట్‌లో పేరు టైప్ చేసి రీస్టార్ట్ ఇస్తే నీలం తెర మీద తనే మొదలవుతుంది. అలా వదిలేస్తే రెండు పాస్‌లు (పాస్ అంటే టెస్టులన్నీ ఒక విడత పూర్తవడం), స్టాండర్డ్ స్థాయి, అంతే. పూర్తిగా చచ్చిన ర్యామ్‌ని పట్టుకుంటుంది గానీ, అప్పుడప్పుడు తప్పే సెల్‌ని (ఒక్క బిట్‌ని దాచే గడి) దాటేస్తుంది. వాడితే మొదలవగానే ఎఫ్1 నొక్కి, ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని, ట్యాబ్‌తో పాస్ కౌంట్ దగ్గరికెళ్ళి 5 అయినా పెట్టి ఎఫ్10 నొక్కాలి. ఎక్స్‌టెండెడ్‌లో శాతం ఒక్కోచోట చాలాసేపు కదలదు, హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కేయకండి. ఇంకో తలనొప్పి ఫలితం. లాగిన్ అయ్యాక మూలలో ఒక నోటిఫికేషన్ వచ్చి పోతుంది, ఒక్కోసారి రానే రాదు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్‌లోకి వెళ్ళి, సోర్స్ కాలమ్‌లో మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ అని ఉన్న వరస వెతుక్కోవాలి. ఏ అడ్రస్, ఏ బిట్ అనేది చెప్పదు. ఎర్రర్ ఉందంటే నమ్మండి, లేదంటే నమ్మకండి. పదికి 5.

మెమ్‌టెస్ట్86 వేరే స్థాయి. జిప్ డౌన్‌లోడ్ చేసి, అందులోనే ఉన్న ఇమేజ్‌యూఎస్‌బీతో పెన్‌డ్రైవ్ మీద రాయాలి. చిన్న పెన్‌డ్రైవ్ చాలు, కానీ అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. తర్వాత బూట్ మెనూ కీ: డెల్, లెనోవో, గిగాబైట్‌లకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఎంఎస్‌ఐకి ఎఫ్11, ఆసుస్ బోర్డులకు ఎఫ్8. ఏసర్ ల్యాప్‌టాప్‌లో ఎఫ్12 పనిచేయకపోతే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగులు) వెళ్ళి దాన్ని ఎనేబుల్ చేయాలి. మెమ్‌టెస్ట్86కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది కాబట్టి సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌తో మెషిన్ లేవకుండా ఆపే రక్షణ) ఆఫ్ చేయనక్కర్లేదు. ఇది చిన్న సంగతిలా ఉంది గానీ కాదు. విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చి వెనక్కి వస్తే ఆ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్, రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెలు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటాయి, ఆ అకౌంట్ ఎవరి ఫోన్ నంబర్‌తో తెరిచారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. బయోస్‌లో ఏది ముట్టుకున్నా ముందు ఆ కీ కాగితం మీద రాసుకోండి.

ఉచిత ఎడిషన్ నాలుగు పాస్‌ల దగ్గర ఆగుతుంది. 8 జీబీకి కొన్ని గంటలు, 16 దాటితే రాత్రంతా అనుకోండి. మొదటి పాస్ కావాలనే కురచగా ఉంటుంది, అది అయిపోయిందని ఆపేసి "బాగానే ఉంది" అనడం పనికిరాదు. టెస్టుల్లో 10వది ప్రత్యేకం: మెమరీ మొత్తం ఒకే రకంగా నింపి, కొన్ని నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, ఛార్జ్ నిలిచిందో లేదో చూస్తుంది. 13వది హ్యామర్ టెస్ట్. ఒకే వరసని పదే పదే కదిపి పక్క వరస చెదురుతుందేమో చూస్తుంది. 13లో మాత్రమే ఎర్రర్లొచ్చి మిగతావన్నీ శుభ్రంగా ఉంటే, మామూలు వాడకంలో క్రాష్‌కి కారణం అదేనని తేల్చేయకూడదు. ర్యామ్ స్టిక్ మార్చే తొందర అక్కర్లేదు. మిగతా టెస్టుల్లో మాత్రం ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, "ఒక్కటేగా" అనే మాట లేదు.

లోటల్లా పాత మెషిన్ల దగ్గర. 8వ వెర్షన్ నుంచి ఇది యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) ఉంటేనే బూట్ అవుతుంది. డీటీపీ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో, పల్లెటూరి ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న డీడీఆర్2, తొలినాటి డీడీఆర్3 (పాత తరాల ర్యామ్) బోర్డులకు ఇది ఎక్కదు. పదికి 8.

మెమ్‌టెస్ట్86 ప్లస్ దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. చాలాకాలం ఇది చచ్చిపోయిందనే అనుకున్నారు, 2013 నాటి 5.01 తర్వాత ఏళ్ళ తరబడి కదలిక లేదు. 2022లో 6.00 దాదాపు కొత్తగా రాసి విడుదల చేశారు. పాత బయోస్, కొత్త యూఈఎఫ్‌ఐ రెండింటి మీదా బూట్ అవుతుంది, డీడీఆర్5 వరకు గుర్తిస్తుంది, పాస్‌లకు పరిమితి లేదు. షాపుల్లో ఇప్పటికీ పాత సీడీ మీద 4.20, 5.01 తిప్పుతుంటారు. కొత్త బోర్డు మీద అవి హ్యాంగ్ అయితే ర్యామ్ పోయిందనడం అన్యాయం. పై వరసలో వెర్షన్ నంబర్ ఉంటుంది, ముందు అది చూడండి.

వెబ్‌సైట్‌లో విండోస్ నుంచి పెన్‌డ్రైవ్ తయారుచేసే ఇన్‌స్టాలర్ ఉంది, ఐఎస్ఓ ఫైలుని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాసుకున్నా సరే. బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి చూడాలి, పైన చెప్పిన బిట్‌లాకర్ జాగ్రత్తతో. మొదలైన తర్వాత మీరు చేసేది ఏమీ ఉండదు. ఒక పాస్ ఎర్రర్ లేకుండా పూర్తయితే పెద్ద అక్షరాల్లో పాస్ అని వస్తుంది. ఆ అక్షరాలు చూసి ఆపేయకండి, మూడు నాలుగు పాస్‌లు పోనివ్వండి.

తప్పు దొరికితే కింద ఎర్ర వరసలు పడతాయి. వాటిని చదవడం రావాలి. ఒక వరసలో రాయాల్సింది 00000000, చదివింది 00000400 అని ఉందనుకోండి. అన్ని బిట్లూ సున్నా కావలసిన చోట ఒకే బిట్, కుడి నుంచి పదకొండోది, ఒకటిగా తిరిగొచ్చింది. కింద పడే వరసలన్నింట్లో అదే 4 అదే స్థానంలో కనిపిస్తూ, అడ్రస్‌లు కూడా దగ్గరదగ్గరగా ఉంటే చిప్‌లో ఒక మూల చచ్చినట్టు. అదే బిట్ మెమరీ అంతటా వేల అడ్రస్‌లలో చెడుతుంటే ఆ బిట్‌ని మోసే తీగ మీద అనుమానం: స్టిక్ పిన్ను, స్లాట్, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను. ముందుగా తీసి శుభ్రం చేసి పెట్టాల్సింది ఇక్కడే. అడ్రస్‌లూ బిట్లూ రెండూ చెల్లాచెదురుగా, పాస్‌కి ఒకటో రెండో పడుతుంటే స్పీడు, వోల్టేజీ సంగతి చూడాలి. పదికి 9. కొత్తవాళ్ళకి తెర కాస్త బెదురుగా ఉంటుంది, అదొక్కటే తగ్గింపు.

అడ్రస్ చూసి "మొదటి 8 జీబీలో ఉంది కాబట్టి మొదటి స్టిక్కే" అనేవాళ్ళున్నారు. రెండు స్టిక్కులు డ్యుయల్ ఛానెల్‌లో (రెండూ జంటగా పనిచేసే పద్ధతి) ఉంటే అడ్రస్‌లు రెండింటి మధ్యా కలగలిసి పోతాయి, అలా చెప్పడం కుదరదు. విడదీసి పెట్టడమే దారి.

విండోస్ లోపల నడిచే ఓసీసీటీ, టెస్ట్‌మెమ్5 లాంటివి కూడా ఉన్నాయి. విండోస్ తనకోసం పట్టుకున్న మెమరీని ఇవి ముట్టుకోలేవు కాబట్టి మొదటి టెస్టుగా పనికిరావు. కాకపోతే ప్రాసెసర్‌నీ, మెమరీ కంట్రోలర్‌నీ వేడెక్కించి పరీక్షించడంలో పై మూడింటికంటే మొనగాళ్ళు. రాత్రంతా మెమ్‌టెస్ట్ శుభ్రంగా వచ్చి, ఓసీసీటీలో పది నిమిషాలకే ఎర్రర్లు పడితే చూపు ప్రాసెసర్ వైపు తిప్పాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌ల గొడవ గుర్తుందిగా: గేముల్లో "ఔట్ ఆఫ్ వీడియో మెమరీ" అని వచ్చేది. మెమరీకీ గ్రాఫిక్స్ కార్డుకీ దానితో సంబంధం లేదు, ప్రాసెసర్ వోల్టేజీ సమస్య. 2024లో ఇంటెల్ వారంటీని రెండేళ్ళు పొడిగించి, 12బీ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) దాకా వరసగా సవరణలు ఇచ్చింది. ఆ చిప్ ఉన్నవాళ్ళు ర్యామ్ కొనేముందు బోర్డు బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి.

ఎర్రర్లు వచ్చాయి. వెంటనే కొత్తది కొనేయకండి, నాలుగు పనులున్నాయి.

మొదటిది బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని అసలు స్పీడు కంటే వేగంగా నడిపే సెట్టింగు) ఆఫ్ చేయడం. డీడీఆర్4 అసలు వోల్టేజీ 1.2. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే చాలా స్టిక్కులు 1.35కి ఎక్కి, పెట్టె మీద రాసిన స్పీడుకి పరుగెడతాయి. అది ఓవర్‌క్లాకే. ఆఫ్ చేశాక ఎర్రర్లు పోతే స్టిక్ చావలేదు, ఆ బోర్డు మీద ఆ పరుగు దానివల్ల కావడం లేదు. ఒక మెట్టు తగ్గించి నడుపుకోవచ్చు.

రెండోది శుభ్రం చేయడం. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల ఆఫీసుల్లో క్యాబినెట్ తెరిస్తే లోపల బూడిద రంగు మెత్తటి పొడి పేరుకుని ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల దగ్గర గాలిలో తేమకి ఉప్పు తోడై కాంటాక్టులు మసకబారతాయి. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టర్ కూడా తీయాలి. స్టిక్‌ని అంచులతో పట్టుకుని, తెల్లటి మెత్తని ఎరేజర్‌తో బంగారు రంగు పిన్నుల మీద ఒకే దిశలో రెండు మూడుసార్లు తేలికగా రుద్ది, రజను దులిపేయాలి. గట్టిగా రుద్దితే పోయేది ఆ బంగారు పూతే. గరుకు కాగితం మాట ఎత్తకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఇంకా మేలు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి. మెడికల్ షాపు సర్జికల్ స్పిరిట్‌లో నీళ్ళూ ఇతర పదార్థాలూ కలిసి ఉంటాయి, వద్దు. స్లాట్‌లో పొడి బ్లోయర్‌తో బయటికి కొట్టాలి. నోటితో ఊదితే పోయేది దుమ్ము, చేరేది ఉమ్ము.

మూడోది ఒక్కో స్టిక్ విడిగా. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఒకే స్టిక్ పెట్టేది చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, మాన్యువల్లో ఏ2 అని ఉంటుంది. మొదటి స్టిక్ అక్కడ, రెండు పాస్‌లు. తీసి రెండోది అదే చోట, మళ్ళీ రెండు పాస్‌లు. ఒకటి తప్పి ఒకటి పాసయితే దొంగ దొరికినట్టే. రెండూ ఏ2లో తప్పి, వేరే స్లాట్‌లో రెండూ పాసయితే బోర్డు. రెండూ విడివిడిగా పాసయ్యి కలిపితే తప్పితే జత కుదరలేదు: వేర్వేరు బ్రాండ్లు, వేర్వేరు స్పీడ్లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కాలం చెల్లాక, 11 వేయడం కోసం పాత 8కి ఇంకో 8 తగిలించిన ల్యాప్‌టాపుల్లో ముందు చూడాల్సింది ఇదే. కొత్తది తీసేసి రెండు రోజులు నడిపితే సగం సంగతి తెలిసిపోతుంది. డీడీఆర్5 బోర్డులో స్టిక్ మార్చి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ఆ కొత్త స్టిక్‌తో లెక్కలు సరిచూసుకుంటుంటుంది, కంగారుపడి స్విచ్ తీయొద్దు.

నాలుగోది వేడి. డీడీఆర్4 చిప్‌లో ఛార్జ్‌ని మామూలుగా 7.8 మైక్రోసెకన్లకో రిఫ్రెష్‌తో నిలబెడతారు. 85 డిగ్రీలు దాటితే అది రెట్టింపు వేగంతో, 3.9కి చేయాలి. వేడెక్కేకొద్దీ సెల్ నుంచి ఛార్జ్ తొందరగా కారిపోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, దుమ్ము పట్టిన క్యాబినెట్‌లో తప్పే ర్యామ్ తెల్లవారుజామున నిక్షేపంగా పాసవుతుంది. రాత్రి పాసయి పగలు క్రాష్ అవుతుంటే, మధ్యాహ్నం రెండింటికి క్యాబినెట్ మూత వేసే ఉంచి ఇంకోసారి టెస్టు పెట్టండి. ఆన్‌లైన్‌లో "నాకు ఏ ఎర్రరూ రాలేదు" అనే రివ్యూల్లో ఎన్ని ఏసీ గదిలో చేసినవో!

ఒకటి కూడా రాలేదు, నాలుగు పాస్‌లు రెండు పూటలా శుభ్రం. అప్పుడు సాఫ్ట్‌వేర్. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిస్మ్ రీస్టోర్ హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ నౌ, రెండూ విండోస్ ఫైళ్ళని బాగుచేసే కమాండ్లే. ఈ వరసలోనే చేయాలి, ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్ళు తెచ్చుకునే నిల్వని డిస్మ్ బాగుచేస్తుంది కనుక. రిలయబిలిటీ హిస్టరీలో మొదటి ఎర్ర గుర్తుకి ముందు వారంలో ఏం వేశారో చూసి అది తీసేయండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడుస్తున్నా, వేలిముద్రల పరికరం పాత డ్రైవర్ తీయకుండా దాని మీదే కొత్తది వేసినా అనుమానించాలి.

ఇంకా తేలకపోతే విండోస్‌లోనే డ్రైవర్ వెరిఫయర్ ఉంది. అనుమానం ఉన్న డ్రైవర్లని అది కావాలనే ఇబ్బంది పెట్టి, తప్పు చేయగానే పేరుతో సహా క్రాష్ చేయిస్తుంది. ముందుగా రీస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి, మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లనే ఎంచుకోవాలి. బూట్ అవుతుండగానే పడిపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి వెరిఫయర్ స్లాష్ రీసెట్ కొడితే ఆగుతుంది. ఆ రీసెట్ కమాండ్ తెలియకుండా దీన్ని ముట్టుకోవద్దు. ఇదంతా ఎందుకులే అనుకుంటే, ఉబుంటు (లినక్స్) పెన్‌డ్రైవ్ మీద, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి ఒక రోజంతా వాడండి. అక్కడా హ్యాంగ్ అయితే విండోస్‌ని తిట్టి లాభం లేదు.

పని ఆపలేని ఆఫీసు సిస్టమ్‌కి చిన్న ఉపాయం ఒకటుంది. ర్యామ్ కంటే పెద్ద సైజు వీడియో ఫైలు ఒకటి తీసుకుని, విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) నాలుగైదుసార్లు తీయండి. ముట్టుకోని ఫైలుకి ప్రతిసారీ ఒకే హ్యాష్ రావాలి. ఒక్కసారి మారినా హార్డ్‌వేర్ తప్పే, ర్యామ్ మొదటి ముద్దాయి, డిస్కు కేబుల్ రెండోది. మారలేదని ర్యామ్‌కి క్లీన్ చిట్ మాత్రం ఇవ్వకండి.

స్టిక్ చెడిందని తేలితే బిల్లు వెతకండి. పేరున్న బ్రాండ్లు చాలావరకు ర్యామ్‌కి ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి, దాన్ని ఏడాదితోనే మర్చిపోయేది మనమే. స్టిక్ మీది స్టిక్కర్ పీకకూడదు, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. జతగా కొన్న కిట్ అయితే చాలాసార్లు రెండూ కలిపి పంపమంటారు, ఒకటే చెడినా. కౌంటరు దగ్గర "మా దగ్గర పెడితే బాగానే వచ్చింది" అనే మాటకి విరుగుడు ఫోన్‌లో తీసిన ఫొటో: ఎర్ర వరసలు, పై వరసలో వెర్షన్ నంబర్, ఎన్నో పాసో స్పష్టంగా కనపడాలి, ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో తీసినదై ఉండాలి. సిస్టమ్‌ని యూపీఎస్ మీద పెట్టే టెస్టు మొదలెట్టండి, మూడో పాస్‌లో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే.